ఒకటిన్నర సెంటు నేల

అనంతపురం,
డిసెంబరు 2025

పిల్లలూ,

ఆ ఆదివారం మధ్యాహ్నం చిన్నోడు ఫోన్ చేసినప్పుడు నేను సరైన జవాబు చెప్పలేదు. నవంబరు 16, దక్షిణాఫ్రికాతో కోల్‌కతా టెస్టులో మనవాళ్లు 93కే చాప చుట్టేసిన రోజు. వాడి గొంతులో సగం ఏడుపు, సగం కోపం. "తాతా, పిచ్ మనమడిగినట్టే చేసిచ్చినారంట కదా? గ్రౌండు మనది, పిచ్ మనది, జనం మనోళ్లు. మరి మనోళ్లే ఎట్ల ఔటయినారు?" అన్నాడు. "పోనీలేరా, ఆటన్నాక గెలుపోటములు ఉంటాయి" అన్నాను. అది జవాబు కాదు, నోరు మూయించడం. వాడికి ఆ సంగతి తెలిసిపోయినట్టుంది, టక్కున ఫోన్ పెట్టేశాడు. తర్వాత రిమోట్ గోడకేసి కొట్టాడనీ, బ్యాటరీల మూత ఎగిరిపోయిందనీ మీ అమ్మ చెప్పింది.

ఆ వెంటనే గువాహటి టెస్టు కూడా పోయింది. ఇప్పుడు అందరం కాస్త చల్లబడ్డాం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

పిచ్ అంటే ఎంత నేల అనుకున్నారు? పొడవు 22 గజాలు, వెడల్పు పదడుగులు. 22 గజాలంటే 66 అడుగులు, సర్వే గొలుసు పొడవు సరిగ్గా అంతే. మా చిన్నప్పుడు కరణం మనుషులు చేలల్లో ఆ గొలుసు ఈడ్చుకుంటూ కొలతలు వేసేవాళ్లు. మొత్తం 660 చదరపు అడుగులు, మన లెక్కలో ఒకటిన్నర సెంటు. ఊళ్లలో ఇంటి పట్టాకు ఇచ్చినంత జాగా. ఆ కాస్త నేల మీదే ఐదు రోజుల ఆట నడవాలి.

అది ఎట్లా తయారవుతుందో తెలియాలంటే మీ అవ్వ పక్కన కూర్చుని జొన్నరొట్టె తట్టేది చూడండి. నవ్వొద్దు, నిజంగానే చెబుతున్నాను. కాగిన నీళ్లు పోసి, పిండిని అరచేతి మడమతో బాగా మెదిపి, ముద్ద చేసి, పలక మీద తడుతుంది కదా. పిచ్ చేసేవాళ్లూ అంతే. మట్టి పోసి, నీళ్లు పట్టించి, రోలర్ తిప్పి తిప్పి అణుస్తారు. నీళ్లు తక్కువైతే రొట్టె అంచులు పగులుతాయి, ఎక్కువైతే పలకకు అంటుకుంటుంది. పెనం మీద వేశాక అవ్వ తడి గుడ్డతో పైన ఒకసారి తుడుస్తుంది, గమనించారా? లోపల ఉడికేలోగా పైభాగం ఎండిపోకుండా ఉండాలని. పిచ్‌కు పెనం ఎండే. మంచి పిచ్ లోపల కొంచెం తేమ దాచుకుని ఐదు రోజుల పాటు మెల్లగా ఆరుతుంది. మొదటి రోజు ఫాస్ట్ బౌలర్లకు కొంచెం సాయం, మధ్యలో బ్యాటింగ్ చేసేవాళ్లకు సుఖం, చివరికి పైపొర రేగి స్పిన్నర్లకు పండగ. రొట్టె మాడకుండా, పచ్చిగా ఉండకుండా దిగినట్టు.

మట్టిని బట్టి కూడా ఉంటుంది. మా వైపు ఎర్రనేలలో బంక తక్కువ. గట్టిగా అణిస్తే బంతి బాగా లేస్తుంది, మరీ ఎండితే పైన పొడి రాలుతుంది. మీ కర్నూలు జిల్లాలో ఆలూరు, ఆదోని వైపు నల్లరేగడి ఉంది చూడండి, అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. బంతి దాని మీద కొంచెం కిందగా, నిదానంగా వస్తుంది. ముంబై వాంఖడేది ఎర్రమట్టి.

గడ్డి సంగతి చెప్పాలంటే... సజ్జరొట్టె మీద నువ్వులద్దినట్టు అని రాయబోయి ఆగాను. గడ్డి వేర్లు మట్టిని పట్టుకుని ఉంచుతాయి, నువ్వులు రొట్టెను పట్టుకోవు. ఈ ముక్క చదివి వినిపిస్తే మీ అవ్వ, "రొట్టెను క్రికెట్టులోకి లాగింది చాలు, వచ్చి తినండి" అనింది. అయినా ఇంకొంచెం లాగుతాను.

పోయిన సంవత్సరం అక్టోబరులో బెంగళూరులో మనవాళ్లు న్యూజిలాండ్ మీద 46కే ఆలౌటయ్యారు, గుర్తుందా? సొంతగడ్డ మీద అంత తక్కువకు మనం ఎప్పుడూ ఔట్ కాలేదు. మొదటి రోజంతా వాన, రెండో రోజు మబ్బు, కవర్ల కింద నానిన నేల. అందులో టాస్ గెలిచి మనమే బ్యాటింగ్ తీసుకున్నాం. అది పచ్చి రొట్టె. ఆ తర్వాత పుణేలో రొట్టెను బాగా ఎండబెట్టారు. అక్కడ వాళ్ల స్పిన్నర్ శాంట్నర్ ఒక్కడే 13 వికెట్లు తీశాడు. ముంబైలో 147 కొట్టలేక 121కి పడిపోయాం. 3-0. 2012లో ఇంగ్లండ్ చేతిలో ఓడాక ఇంట్లో ఒక్క టెస్టు సిరీస్ కూడా పోగొట్టుకోని జట్టు అది.

కోల్‌కతాలోనూ రొట్టె మాడింది. వాళ్లు 159, మనం 189. మళ్లీ వాళ్లు 153. మనకు కావలసింది 124. కెప్టెన్ గిల్ మెడ పట్టేసి బ్యాటింగ్‌కే రాలేదు, సరే, అది దురదృష్టం. మిగతావాళ్లయినా కొట్టాలి కదా? మూడో రోజు భోజనాలయిన కాసేపటికి 30 పరుగుల తేడాతో కథ ముగిసింది. ఓపెనర్లిద్దరూ కలిసి చేసింది ఒక్క పరుగు.

ఇప్పుడు చిన్నోడి ప్రశ్న. దీనికి నా జవాబు క్రికెట్ తెలిసినవాళ్లది కాదు, దెబ్బ తిన్నవాడిది.

కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో మాకు గ్రౌండు లేదు. ఉండేదల్లా జేజినాయన కళ్లం. కొర్రలు కోతకొచ్చే ముందు ఆయన దాన్ని చేసే తీరు ఇప్పటికీ కళ్లలో ఉంది. గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, ఎద్దుల చేత తొక్కించి, రాతి గుండు లాగించి, ఆరాక పేడనీళ్లతో అలికేవాడు. ఒట్టి కాళ్లతో నడిస్తే అరుగు మీద నడిచినట్టుండేది. పంట కళ్లానికి వచ్చే లోపల మధ్యలో నాలుగైదు రోజులు దొరికేవి. అవి మావి. కళ్లం నడిమి గుంజే మా వికెట్. బ్యాటు వడ్రంగి పారేసిన చెక్క.

మా జట్టులో ఎడమచేత్తో బంతి తిప్పేవాడొకడు ఉండేవాడు. వాడిని బేడీ అనేవాళ్లం. రేడియోలో బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్ పేర్లు మార్మోగే రోజులవి. పక్క ఊరి పిల్లలతో పందెం పడింది, ఓడినవాళ్లు సేరు వేరుశనక్కాయలు ఇవ్వాలి. ముందు రోజు సాయంత్రం నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. కొడవలి తీసుకుని, మన బేడీ బంతి వేసే చోట కళ్లాన్ని జానెడు మేర గీకి, బరక చేసి పెట్టాను. ఎవరికీ కనబడకుండా పైన బూడిద చల్లాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రాత్రి నిద్ర కూడా పోలేదు.

మరుసటి రోజు మా బేడీ వాళ్లను 21కి ఔట్ చేశాడు. మాకు 22 కావాలి. చేతికందిన గెలుపు. వాళ్లలో బౌలింగ్ వచ్చినవాడు లేడు. గొర్రెలు కాసే పిల్లవాడొకడికి బంతి ఇచ్చారు. వాడికి తిప్పడం రాదు, సూటిగా వేయడమూ రాదు. కానీ వాడి బంతి నేను గీకిన చోటే పడింది. ఒకటి నా గడ్డం మీదికి లేచింది. తర్వాతిది పాములా నేలబారుగా వచ్చి గుంజను కొట్టింది. ఆ బంతి ఎటు పోతుందో వాడికే తెలియకపోతే నాకెట్లా తెలుస్తుంది? పదకొండుకు మా పని అయిపోయింది.

చిన్నోడా, కోల్‌కతాలో జరిగింది ఇదే. బాగున్న పిచ్ మీద గొప్ప స్పిన్నర్‌కూ మామూలు స్పిన్నర్‌కూ ఆమడ దూరం ఉంటుంది. గొప్పవాడు గాలిలోనే మోసం చేస్తాడు, వేగం మారుస్తాడు, నేలతో పెద్దగా పని లేదు. అదే నేల చితికిపోయిందనుకో, బంతి కుట్టు ఆ బరకను పట్టుకుని ఒకటి గిర్రున తిరుగుతుంది, అదే తీరున వేసిన ఇంకోటి తిరగకుండా సూటిగా దూసుకొస్తుంది. ఔట్ చేసేది ఎక్కువగా ఆ తిరగనిదే. మనం నలుగురు స్పిన్నర్లతో దిగాం. కానీ ఆ నేల మీద నలుగురు చేసే పనిని అవతల ఒకరిద్దరే చేసేయగలరు. మన వాళ్ల గొప్పతనాన్ని మనమే చవక చేసుకున్నాం.

పైగా వాళ్ల స్పిన్నర్ హార్మర్ గొర్రెల కాపరి కాదు. 2015లో ఇక్కడికే వచ్చి మొహాలీ, నాగ్‌పూర్‌లలో ఆడి ఓడిపోయి వెళ్లినవాడు. పదేళ్ల తర్వాత తిరిగొచ్చి రెండు టెస్టుల్లో 17 వికెట్లు తీసుకుపోయాడు. వాడి మీద నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది.

"ఆడలేక మద్దెల ఓడు" అని మీ నాయన అన్నాడంట. సగమే ఒప్పుకుంటాను. కోల్‌కతాలో మద్దెల నిజంగా ఓడుదే. కానీ అట్లాంటిదే కావాలని అడిగింది మనం. మాకు కావలసిన పిచ్ ఇదేనని కోచ్ గంభీరే చెప్పాడు. ఇక గువాహటిలో మద్దెల బాగానే ఉంది కదా! అదే నేల మీద వాళ్లు మొదట 489 కొట్టారు. మనం 201, 140. తేడా 408 పరుగులు. పరుగుల లెక్కలో ఇంత పెద్ద ఓటమి మనకు ముందెన్నడూ లేదు. అక్కడ పిచ్‌ను తిట్టి లాభం లేదు. మనవాళ్లకు క్రీజులో నిలబడే ఓపిక పోయింది. ఇరవై ఓవర్ల ఆట చేతులకు తొందర నేర్పింది, దాన్ని మాన్పేవాళ్లు లేరు. (ముసలోడి సణుగుడు అనుకుంటారేమో, అనుకోండి.)

వాళ్ల కెప్టెన్ బవుమా ఆడిన 55 వీలైతే మళ్లీ చూడండి. కోల్‌కతా మ్యాచ్ మొత్తంలో యాభై దాటింది అతనొక్కడే, ఆఖరి దాకా ఔట్ కాలేదు. 136 బంతులు ఆడాడు. మనిషి పొట్టి. బంతి కోసం ముందుకు ఉరకడు. దాన్ని తన దాకా రానిచ్చి, చేతులు మెత్తగా పెట్టి, ముక్కు కింద ఆడతాడు. తిరిగి బ్యాటుకు తగలకుండా పోయిన బంతి గురించి మళ్లీ ఆలోచించడు. నేను చూసింది ఇంతే. నాకు పరుగుల కన్నా ఆ మరిచిపోవడం నచ్చింది.

కళ్లం కథ ఇంకొంచెం ఉంది. శనక్కాయలు ఇచ్చుకున్నాం, అది పోనీ. రెండు రోజుల తర్వాత కొర్రలు నూర్చేటప్పుడు నేను గీకిన చోట మన్ను లేచి గింజల్లో కలిసింది. జేజినాయన వంగి ఆ బరకను వేలితో తడిమి చూశాడు. బూడిద కూడా చూశాడు. నన్నొక్క మాట అనలేదు. చేట తెచ్చి చేతికిచ్చాడు. ఎంత చెరిగినా సన్న మన్ను పోదు. ఆ ఏడంతా కొర్రన్నంలో ఎవరి పంటి కిందనైనా కరకరమన్నప్పుడల్లా, ఇంట్లో అందరూ నమలడం ఆపి నావైపు చూసేవాళ్లు.

ఆటగాళ్లను ఫోన్లలో బూతులు తిడుతున్నారని పాప చెప్పింది. మీరు ఆ పని చేయొద్దు. బాధ పడండి, రిమోట్ కూడా ఒకసారికి క్షమిస్తాను, కానీ ఆ మాటలు మాత్రం వద్దు.

సంక్రాంతికి వస్తారు కదా. మీ నాయన పనిమీద ఆదోనికి పోతుంటాడు, ఈసారి పత్తి చేను గట్టు మీద నుంచి ఒక సంచెడు నల్లమట్టి తెమ్మనండి. ఎర్రమట్టి నేను తీసి పెడతాను. రెండింటినీ నానబెట్టి, రెండు తట్టల్లో గట్టిగా అణిచి, మిద్దె మీద పెడదాం. రోజూ పొద్దున పోయి చూడాలి. నల్లదాంట్లో మొదటి నెర్రె అంచున పుడుతుందో నడుమ పుడుతుందో చూడండి, అవి ఒకదాన్నొకటి కలిసేటప్పుడు ఎట్లా మలుపు తిరుగుతాయో చూడండి. అరవై దాటిన నేను ఇప్పటికీ ఎండిన చెరువు కనబడితే బండి ఆపి దిగుతాను. అట్లా ఎవరో గీసినట్టు పెంకులు పెంకులుగా ఎందుకు విడిపోతుందా అని. నాలుగో రోజు రెండింటి మీదా బంతి వేసి చూడండి. ముందు తట్ట చేసినవాడే మొదట బ్యాటింగ్ చేయాలి, అది నా షరతు.

ఈ ఉత్తరంతో పాటు అవ్వ ఒక డబ్బా రొట్టెలు పంపుతోంది. అంచులు పగలనివన్నీ మీకు సర్దింది. పగిలినవి నా తట్టలో ఉన్నాయి.

మీ తాత