మందుకు లొంగని తామర: ఫంగస్ పేరు కోసం డీఎన్‌ఏ దాకా ఎందుకు పోవాల్సొచ్చింది

గజ్జల్లో తామర, నడుం చుట్టూ తామర, ఇంట్లో ఒకరికి మొదలైతే కొన్నాళ్లకు అందరికీ అంటుకుంటది, గోలీలు వాడినన్ని రోజులు తగ్గినట్టే ఉండి ఆపంగనే మళ్లీ లేస్తది. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఈ గోస చాలా ఇండ్లల్ల ఉన్నది. ఎండలకు, చెమటకు వచ్చిందిలే అని ఊకుంటరు. చెమట, తడిబట్ట కారణాలే, కాదనను, కానీ అవి పాతకాలంల కూడా ఉన్నయి కదా. మారింది ఫంగస్. ఆ సంగతి కంటితోటి చూస్తే తెల్వదు, దాని జన్యువులు చదివినంకనే బయటపడ్డది.

1841 దాకా తామర లాంటి జబ్బులు ఒంట్ల లోపలి దోషంతోటి వస్తయని డాక్టర్లు కూడా అనుకునేటోళ్లు. ఆ రోజుల్లో పారిస్‌ల డేవిడ్ గ్రూబీ అనే డాక్టరు తలమీది పొక్కులను మైక్రోస్కోపు కింద పెట్టి దీనికి కారణం ఫంగస్ అని చూపించిండు. తర్వాత అదే పారిస్‌ల సబూరో ఈ ఫంగస్‌లను గాజు గిన్నెల్ల పెంచే పద్ధతి కుదిర్చి 1910ల పెద్ద పుస్తకం రాసిండు, ఇప్పటికీ ల్యాబుల్ల ఫంగస్ పెంచనీకె ఆయన పేరు మీది మీడియానే (ఫంగస్‌కు తిండి) వాడుతరు. 1934ల అమెరికాల ఎమన్స్ వీటిని మూడు ప్రజాతులకు (దగ్గరి జాతులు కలిసిన గుంపులకు) కుదించిండు: ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరం, ఎపిడెర్మోఫైటాన్. స్పోర్ల (ఫంగస్ విత్తనాల లాంటి కణాల) ఆకారం చూసి పేరు పెట్టుడు.

ఇక్కడనే చిక్కు. ఒకే ఫంగస్ ఒక మీడియా మీద పొడిపొడిగా, ఇంకో దాని మీద దూదిలెక్క పెరుగుతది, పాతబడితే స్పోర్లే పెట్టదు, రంగు మారుతది. చూసిన ఒక్కో రూపానికి ఒక్కో పేరు పెట్టుకుంట పోయిన్రు, అటు వేర్వేరు ఫంగస్‌లు ఒకే తీరు కనబడి ఒకే పేరు కింద కలిసిపోయినయి. పైగా కల్చర్ (గిన్నెల్ల ఫంగస్ పెరుగుడు) రావాలంటే రెండు నుంచి నాలుగు వారాలు, అప్పటిదాకా పేషెంటు ఆగుతడా?

1990ల దారి దొరికింది. ప్రతి కణంల రైబోజోమ్ (ప్రోటీన్లు తయారు చేసే యంత్రం) తయారీకి జన్యువులు ఉంటయి, ఒకటి రెండు కాదు, చాలా కాపీలు, అందుకే కొంచెం చర్మం పొట్టు నుంచి కూడా పీసీఆర్‌ల (డీఎన్‌ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి) పట్టుకోవచ్చు. ఆ జన్యువులు పెద్దగా మారవు గానీ వాటి నడుమ ఐటీఎస్ అనే ముక్క ఉన్నది, అది చివరికి రైబోజోమ్‌ల చేరదు కాబట్టి దాని డీఎన్‌ఏ అక్షరాలు మారినా ఫంగస్ బతుకుతది. దగ్గరి చుట్టాల మధ్య తేడా అక్కడ కనబడుతది. ఆ ముక్కను పట్టే ప్రైమర్లు (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) 1990ల వచ్చినయి, 2012ల ఫంగస్‌లన్నిటికీ దీన్నే బార్‌కోడ్‌గా, అంటే గుర్తుపట్టే ముక్కగా ప్రతిపాదించిన్రు, 2017ల ఇంకొన్ని జన్యువులు కూడా కలిపి చూసి చర్మం ఫంగస్‌లను కొత్తగా ఏడు ప్రజాతులుగా సర్దిన్రు.

మన దేశంల అంతకుముందు ఎక్కువగా కనబడేది ట్రైకోఫైటాన్ రూబ్రం. 2010 దాటినంక లెక్క తిరగబడ్డది, ట్రైకోఫైటాన్‌లనే మెంటాగ్రోఫైటిస్ అనే గుంపు పైకొచ్చింది. ఐటీఎస్ చదివితే ఎక్కువ శాంపిళ్లు ఆ గుంపుల ఎనిమిదో రకానివి. 2020ల జపాన్ సైంటిస్టులు ఇండియా, నేపాల్ మూలాలున్న పేషెంట్ల నుంచి తీసిన ఫంగస్‌కు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టిన్రు. న్యూయార్క్‌ల కూడా ఇద్దరికి దొరికినట్టు 2023ల బయటపడ్డది, అందుల ఒకరు దేశం దాటి ఎక్కడికీ పోలేదు.

ఇంత పెరగనీకె కారణం ఏందంటే నా మటుకు నేను ముందు స్టెరాయిడ్ క్రీములనే అంట. మందుల షాపుల చీటీ లేకుండ ఇచ్చే ట్యూబులల్ల చాలావాటిల క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటది, పూసిన రెండు రోజులకే దురద, ఎరుపు పోతయి, ఎందుకంటే ఒంట్ల రక్షణ పడుకుంటది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతది. 2018ల కేంద్రం ఈ క్రీములు డాక్టర్ చీటీ మీదనే అమ్మాలె అని రూల్ గట్టి చేసింది, ఊర్లల్ల ఎంతవరకు నడుస్తుందో మీకే తెల్సు. పాలమూరు నుంచి పనికి పోయినోళ్లు సైట్ల కాడ ఒకే షెడ్డుల పండి, ఒకే టవల్ వాడుకుని, చెమట బట్టల్లనే దినమంతా పనిచేసే బతుకులల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుడు చాలా సులువు, వాళ్లను తప్పుపట్టేది ఏమీ లేదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఐటీఎస్ ఫంగస్ ఎవరో చెప్తది, మందు పనిచేస్తదో లేదో చెప్పదు. తామరకు ఇచ్చే టెర్బినాఫిన్ గోలీ, ఫంగస్ బతకనీకె కావాల్సిన స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైమును ఆపుతది. ఆ ఎంజైముల 397వ చోట ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ల్యూసిన్ అనేది వచ్చిందంటే గోలీకి పట్టు దొరకదు, నెలలు మింగినా అంతే. అన్ని ఇండోటీనియేలల్ల ఈ మార్పు ఉండదు, అందుకే ఆ ఎంజైము జన్యువును విడిగా చూడాల్సిందే.

జిల్లాల్ల ఈ డీఎన్‌ఏ పరీక్ష అందరికీ చెయ్యమని అడుగుతలేను. పొట్టు గీకి కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి మైక్రోస్కోపుల చూసే పరీక్ష ఖర్చు చాలా తక్కువ, తామరనా కాదా అనేది చాలాసార్లు అక్కడనే తేలుతది, గోలీలు మొదలుపెట్టే ముందే ఇది చేస్తే సగం తిప్పలు తప్పుతయి. పూర్తి కోర్సు వాడినా పోని వాళ్ల శాంపిల్ మాత్రం సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాలు చదివే ఏర్పాటు) ఉన్న పెద్ద ల్యాబుకు పంపాలె. ఇండోటీనియే నిజంగా వేరే జాతినా లేక మెంటాగ్రోఫైటిస్‌లనే ఒక కొమ్మనా అని సైంటిస్టుల వాదన ఇంకా నడుస్తనే ఉన్నది, ఐటీఎస్‌ల తేడా కొన్ని అక్షరాలే కాబట్టి మొత్తం జీనోములు (ఫంగస్ పూర్తి డీఎన్‌ఏ) పోల్చుతున్నరు. అది తేలేదాకా 397వ చోట ఏముందో చూసుడు ఆపాల్సిన పని లేదు, పేషెంటు గోలీ మార్చాల్నా వద్దా అనేది చాలావరకు దాని మీదనే ఉన్నది.