లెస్టర్ ఈస్ట్ సీటు: అపోహలు - వాస్తవాలు

ముందుగా పేరు. ఇంగ్లిషు అక్షరాలు చూసి చాలామంది ‘లీసెస్టర్’ అని రాస్తుంటారు, పలకడం మాత్రం లెస్టర్. ఇంగ్లండ్‌లోని ఆ నగరం నుంచి బ్రిటన్ పార్లమెంటుకు ముగ్గురు ఎంపీలు: ఈస్ట్, సౌత్, వెస్ట్ సీట్లకు ఒక్కొక్కరు. భారతీయ మూలాలున్న ఓటర్లు ఎక్కువ కాబట్టి మన మీడియాలో ఈస్ట్ పేరు తరచుగా వస్తుంది. దాంతోపాటే తప్పులూ వస్తాయి. నియోజకవర్గాల చరిత్ర, లెక్కలు చూసే పనిలో మాకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ఇది 1918 నుంచి ఒకే సీటు.

కాదు. 1918 దాకా లెస్టర్ నగరమంతా ఒకే నియోజకవర్గం, దానికి ఇద్దరు ఎంపీలు. ఆ ఏడాది దాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు ఈస్ట్ పుట్టింది. తొలి ఎంపీ గోర్డన్ హీవర్ట్ 1922లో ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తిగా వెళ్ళడంతో ఉప ఎన్నిక వచ్చింది, లేబర్ పార్టీ అభ్యర్థి జార్జ్ బాంటన్ గెలిచాడు. 1950లో ఈ సీటే రద్దయింది. దాని బదులు నార్త్ ఈస్ట్, సౌత్ ఈస్ట్ వచ్చాయి. 1974 ఫిబ్రవరి ఎన్నికతో ఈస్ట్ మళ్ళీ పుట్టింది. మధ్యలో ఇరవై నాలుగేళ్ళు అసలు లేని సీటుకు ‘వందేళ్ళ ఓటింగ్ సరళి’ అంటూ గ్రాఫు గీస్తే అది తప్పుల తడక. పేరు ఒకటే అయినంత మాత్రాన ప్రాంతం ఒకటే కాదు. 2024లో దేశమంతటా కొత్త సరిహద్దులు అమల్లోకి వచ్చాయి కాబట్టి అంతకు ముందు ఫలితాలతో పోల్చేటప్పుడు కూడా ఈ జాగ్రత్త తప్పదు.

అపోహ: లేబర్ కంచుకోట. 2024లో జనం ప్రత్యర్థి కన్సర్వేటివ్ పార్టీ వైపు మళ్ళారు.

ఎక్కువగా వినిపించే మాట ఇదే, అంకెలతో అసలు పొసగనిదీ ఇదే.

2017లో లేబర్ తరఫున కీత్ వాజ్‌కు 35,116 ఓట్లు, కన్సర్వేటివ్‌లకు 12,688. మెజారిటీ 22,428. 2019లో లేబర్ అభ్యర్థి క్లాడియా వెబ్‌కు 25,090, కన్సర్వేటివ్‌లకు 19,071. మెజారిటీ 6,019కి పడిపోయింది. 2024లో కన్సర్వేటివ్ అభ్యర్థి శివాని రాజా 14,526 ఓట్లతో గెలిచారు. అంటే 2019లో ఓడినప్పుడు ఆ పార్టీకి వచ్చినదానికంటే నాలుగున్నర వేలు తక్కువ! పోలైన ఓట్లలో ఆమె వాటా సుమారు 31 శాతం.

మరి గెలుపు ఎలా వచ్చింది? లేబర్ ఓట్లు 10,100కి పడిపోయాయి. ఒకప్పుడు ఇదే సీటులో లేబర్ ఎంపీలుగా ఉన్న ఇద్దరూ ఆ పార్టీకి ఎదురు నిలబడ్డారు. స్వతంత్ర అభ్యర్థిగా వెబ్‌కు 5,532, ‘వన్ లెస్టర్’ పేరుతో వాజ్‌కు 3,681. రెండూ కలిపితే 9,213. రాజా మెజారిటీ 4,426. లిబరల్ డెమొక్రాట్లకు వచ్చిన ఆరు వేల పైచిలుకు ఓట్లు వేరే.

ఇలా జరగడం కొత్తేమీ కాదు. 1962 నుంచి నార్త్ ఈస్ట్‌కు, 1974 నుంచి ఈస్ట్‌కు లేబర్ ఎంపీగా ఉన్న టామ్ బ్రాడ్లీ 1981లో కొత్తగా పెట్టిన సోషల్ డెమొక్రటిక్ పార్టీ (ఎస్‌డీపీ)లోకి వెళ్ళి, 1983లో ఆ పార్టీ తరఫున పోటీచేశాడు. కన్సర్వేటివ్ పీటర్ బ్రూయిన్‌వెల్స్‌కు 19,117, లేబర్ ప్యాట్రిషియా హ్యూయిట్‌కు 18,184. తేడా 933 మాత్రమే. బ్రాడ్లీకి పడ్డవి పదివేలకు పైనే. నాలుగేళ్ళకు వాజ్ ఆ సీటు తిరిగి లేబర్‌కు తెచ్చినప్పుడు కూడా మెజారిటీ 1,924 మాత్రమే.

అందుకే ఫలితం చదివేటప్పుడు మెజారిటీ దగ్గర ఆగకండి. గెలిచిన పార్టీ ఓట్లు క్రితంసారి కంటే పెరిగాయా తగ్గాయా, మూడో స్థానం నుంచి కిందివాళ్ళకు మొత్తం ఎన్ని పడ్డాయి, ఈ రెండూ చూడండి.

అపోహ: 1972లో ఇదీ అమీన్ వెళ్ళగొడితే ఉగాండా నుంచి వచ్చినవాళ్ళతోనే ఇక్కడ భారతీయులు మొదలయ్యారు.

అంతకుముందే అల్లిక దుస్తుల మిల్లుల్లో, చెప్పుల ఫ్యాక్టరీల్లో, ఇంజనీరింగ్ షాపుల్లో పనికి గుజరాత్, పంజాబ్‌ల నుంచి, 1960ల చివర్లో కెన్యా నుంచి జనం వచ్చి స్థిరపడ్డారు. అయినవాళ్ళు ఉన్న ఊరు కాబట్టే ఉగాండా కుటుంబాలు లెస్టర్‌ను ఎంచుకున్నాయి. ఇళ్ళు, బడులు నిండిపోయాయి, మా ఊరికి రావద్దంటూ 1972 సెప్టెంబరులో నగర కౌన్సిల్ ‘ఉగాండా ఆర్గస్’ పత్రికలో ప్రకటన ఇచ్చింది. అయినా వేలమంది వచ్చారు. ఈ రోజు చీరల దుకాణాలతో, నగల కొట్లతో, దీపావళి వెలుగులతో కళకళలాడే బెల్‌గ్రేవ్ రోడ్డు వాళ్ళ చెమట ఫలితమే.

అపోహ: సరిహద్దులు అధికార పార్టీ గీస్తుంది.

ఇంగ్లండ్‌లో ఆ పని స్వతంత్ర బౌండరీ కమిషన్‌ది. 2023లో ముగిసిన సమీక్షలో, కొన్ని దీవుల సీట్లు మినహా, ప్రతి నియోజకవర్గంలో 69,724 నుంచి 77,062 మంది ఓటర్లు ఉండాలి. లెక్కలోకి తీసుకున్నది జనాభాను కాదు, 2020 మార్చి 2 నాటి ఓటర్ల జాబితాను. పేరు నమోదు చేసుకోనివాళ్ళు ఆ లెక్కలో లేనట్టే. మన అసెంబ్లీ సీట్లలో సగటున రెండు లక్షలకు పైగా ఓటర్లుంటారు, దానితో పోలిస్తే ఈ ఎంపీ సీటు చాలా చిన్నది.

అపోహ: బ్రిటిష్ పౌరసత్వం లేకపోతే ఓటు లేదు.

మన విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భారత్ కామన్వెల్త్ దేశం. చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తున్న భారత పౌరులు 18 ఏళ్ళు నిండితే పార్లమెంటు ఎన్నికలో ఓటేయవచ్చు. పోటీ చేయడానికి మాత్రం స్టూడెంట్ వీసా చాలదు, శాశ్వత నివాస హక్కులాంటిది ఉండాలి.

ఆన్‌లైన్‌లో నమోదుకు కొద్ది నిమిషాలు చాలు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఉద్యోగం, పన్ను లెక్కల కోసం బ్రిటన్‌లో ఇచ్చే నంబరు) అడుగుతారు. లేకపోతే వేరే ఆధారాలు చూపవచ్చు. గడువు పోలింగ్‌కు 12 పనిదినాల ముందు అర్ధరాత్రి. వారాంతాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు కాబట్టి చివరి వారం దాకా ఆగితే అవకాశం పోయినట్టే. పోలింగ్ కేంద్రంలో ఫోటో గుర్తింపు చూపాలి, భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. గడువు దాటినదైనా ఫోటోలో మీ ముఖం పోల్చుకునేలా ఉంటే చాలు. ఇల్లు మారితే మళ్ళీ నమోదు చేసుకోవాలి. అద్దె ఇళ్ళు మారుతూ ఉండే విద్యార్థుల ఓట్లు ఎక్కువగా గల్లంతయ్యేది ఇక్కడే.