ఓడ ఒనాసిస్‌ది, జెండా లైబీరియాది

సముద్రంలో చమురు ఒలికిన ప్రతిసారీ ముందు వచ్చే ప్రశ్న: ఈ ఓడ అసలు ఎవరిది? యజమానిది ఒక దేశం, కాగితాల మీద కంపెనీది ఇంకో దేశం, జెండా మూడో దేశానిది. ఓడ ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు జెండా, ఆ దేశపు నిబంధనలే దానికి వర్తిస్తాయి. ఈ పద్ధతి మీద సామ్రాజ్యమే కట్టినవాళ్లలో గ్రీకు వ్యాపారి అరిస్టాటిల్ ఒనాసిస్ పేరు ముందుంటుంది.

అతను స్మిర్నాలో, అంటే నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో పుట్టాడు. తండ్రిది పొగాకు వ్యాపారం. 1922లో ఊరు తగలబడి గ్రీకులు కట్టుబట్టలతో పారిపోయారు. మరుసటి ఏడాదే ఒనాసిస్ బ్యూనస్ ఎయిరిస్ చేరాడు. అక్కడ టెలిఫోన్ కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తూనే పొగాకు దిగుమతిలోకి దిగాడు. ఆర్థికమాంద్యంలో ఓడలు కొనే దిక్కులేనప్పుడు కెనడా సరుకు ఓడలు ఆరింటిని కారుచౌకగా కొన్నాడు. సిబ్బంది విషయంలో గ్రీసు నిబంధనలు అడ్డొచ్చేసరికి పనామా జెండా ఎత్తాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అతని లెక్క ఇంకా పక్కాగా నడిచింది. ముందు చమురు కంపెనీతో దీర్ఘకాలపు అద్దె ఒప్పందం, అది చూపించి అప్పు, ఆ అప్పుతో కొత్త ట్యాంకర్. అమెరికన్లకే అమ్మాల్సిన ట్యాంకర్లను అమెరికన్ల పేర్లు ముందుపెట్టి కొన్నందుకు కేసు పడితే, 1955లో 70 లక్షల డాలర్లు కట్టి రాజీపడ్డాడు. 1954లో సౌదీతో చమురు రవాణా ఒప్పందం చేసుకున్నందుకు పెద్ద కంపెనీలు అతని ఓడల్ని వెలివేశాయి. 1956లో సూయజ్ కాలువ మూతపడింది. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి రావడంతో అద్దెలు ఆకాశాన్నంటాయి. ఖాళీగా ఉన్న ఆ ఓడలే కాసులు కురిపించాయి.

అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ వితంతువు జాక్వెలిన్ కెనెడీతో 1968లో జరిగిన పెళ్లి గురించి అందరూ రాశారు. నా దృష్టిలో అంతకన్నా గుర్తుంచుకోవాల్సింది 1970 ఫిబ్రవరి 4. ఒనాసిస్ సంస్థలకు చెందిన, లైబీరియా జెండా ఉన్న 'యారో' ట్యాంకర్ ఆ రోజు కెనడాలోని చెడబక్టో బే వద్ద రాతిగుట్టను ఢీకొంది. విచారణలో తేలిన విషయాలు చదివితే ఒళ్లు మండుతుంది. లోతు కొలిచే పరికరం రెండు నెలలుగా పనిచేయడంలేదు. ప్రమాదానికి గంట ముందే రాడార్ ఆగిపోయింది. ఆ సమయంలో డ్యూటీలో ఉన్న అధికారికి లైసెన్సే లేదు. వేల టన్నుల చమురు తీరానికి కొట్టుకొచ్చి చేపలు పట్టుకునేవాళ్ల బతుకుల మీద పడింది.

1975లో ఒనాసిస్ పోయాడు. నేటికీ ప్రపంచ నౌకా సామర్థ్యంలో సుమారు ఐదో వంతు గ్రీకు యజమానుల చేతుల్లోనే ఉంది. వాళ్ల ఓడల్లో చాలావాటి మీద ఎగిరేది లైబీరియా, మార్షల్ దీవుల్లాంటి దేశాల జెండాలే. 2015లో 'యారో' శిథిలాల నుంచి మళ్లీ చమురు కారింది. దాన్ని తోడాల్సివచ్చింది కెనడా కోస్ట్‌గార్డ్‌కే.