కట్టెల పొయ్యి: పొగలో పోతున్న వేడి (అపోహలు - వాస్తవాలు)

ఇరవై ఏళ్లకు పైగా పొయ్యిలు కట్టడమే నా పని. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, అటు అచ్చంపేట, నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో తిరుగుతుంటాను. గ్యాసు బండ దాదాపు ప్రతి ఇంటికీ వచ్చినా పెరట్లో కట్టెల పొయ్యి ఇంకా చల్లారలేదు. స్నానాల నీళ్లకు అదే, జొన్నరొట్టెకు అదే, ఇంట్లో శుభకార్యం వస్తే బగారన్నానికీ అదే. నన్ను పిలిచేవాళ్ల ఫిర్యాదు కూడా పెద్దగా మారలేదు. “మేస్త్రీ, కట్టెలు మోపులకు మోపులు తగలబడుతున్నాయి, నీళ్లు మాత్రం కాగడం లేదు” అంటారు. పొయ్యిని తిట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎక్కువసార్లు విన్న నమ్మకాలను, నేను చూసిన నిజాలను ఇక్కడ పెడుతున్నాను.

అపోహ: పొగ బాగా వస్తోందంటే పొయ్యి రాజుకుంటోందని అర్థం.

వాస్తవం: పొగ అంటే కాలకుండా పారిపోతున్న కట్టె. ఎండిన కట్టె బరువులో ముప్పాతిక భాగానికి పైగా వేడి తగలగానే ఆవిరిలాంటి వాయువుగా మారి బయటికి వస్తుంది. మనకు కనిపించే మంట ఆ వాయువుదే. నిప్పులుగా మిగిలి ఎర్రగా కాలేది మిగతా కొద్ది భాగమే. వాయువుకు చాలినంత వేడి, చాలినంత గాలి అందితే మంటవుతుంది. ఏ ఒక్కటి తగ్గినా పొగై కళ్లలోకి, పైకప్పు మీదికి, గిన్నె అడుగుకు చేరుతుంది.

నమ్మకం లేనివాళ్లకు నేనొక పని చేసి చూపిస్తాను. మండుతున్న సన్నని పుల్లను ఊది ఆర్పుతాను. ఆరగానే కొసనుంచి తెల్లగా, దట్టంగా ఒక తీగలా పొగ లేస్తుంది. కట్టెను తాకకుండా, ఆ పొగకే అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమని అంటుకుని మంట మళ్లీ కట్టె మీదికి దిగుతుంది. ఒక్కోసారి రెండు మూడు పుల్లలు గీయాల్సి వస్తుంది, గాలి ఉంటే అసలు కుదరదు. కుదిరినప్పుడు మాత్రం చూసిన ఇల్లాలు ఇక పొగను పొగలా చూడదు. డబ్బు పెట్టి కొన్న కట్టె గాలిలో పోతున్నట్టే ఉంటుంది.

అపోహ: వేడంటే తుమ్మదే. మిగతా కట్టెలు దండగ.

వాస్తవం: తూకం వేసి చూస్తే ఏ కట్టె అయినా ఇంచుమించు ఒకటే. బాగా ఎండిన కట్టె కిలోకు 4,000 నుంచి 4,500 కిలో కేలరీల దాకా ఇస్తుంది. తుమ్మ గానీ, వేప గానీ, ఎండిపోయిన తోటలోంచి కొట్టుకొచ్చిన బత్తాయి గానీ పెద్ద తేడా ఉండదు. తేడా ఉన్నది చిక్కదనంలో. తుమ్మ, సర్కారు తుమ్మ, చింత చిక్కని కట్టెలు కాబట్టి చేతికి పట్టినంత ముక్కలోనే బరువు ఎక్కువ, నిప్పులు ఎక్కువసేపు నిలుస్తాయి. పత్తి కట్టె, కంది కట్టె, ఆముదం కట్టె తేలికవి. గబగబా మండి గబగబా అయిపోతాయి. మోపు లెక్కన కొంటే తుమ్మ లాభం. కిలో లెక్కన కొంటే ఎండినదే లాభం.

నన్నడిగితే రెండూ కావాలి. ఎసరు కాగడానికి కంది కట్టె, పత్తి కట్టె లాంటి సన్న మంట. అన్నం ఉడికేటప్పుడు, పప్పు మెత్తబడేటప్పుడు తుమ్మ. పత్తి ఏరడం అయిపోయాక చేలోనే కట్టెను కుప్పవేసి తగలబెట్టే రైతులను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిడకల సంగతి వేరు. వాటిలో బూడిద పాలు ఎక్కువ, వేడి తక్కువ. పాలు కాగే దాలికి అవి సరిగ్గా సరిపోతాయి, ఎసరుకు సరిపోవు.

అపోహ: పచ్చి కట్టె నిదానంగా కాలుతుంది కాబట్టి ఎక్కువసేపు వస్తుంది, ఆదా.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం మారితే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం తగ్గుతాయి. అప్పుడే కొట్టిన కట్టెలో దాదాపు సగం బరువు నీళ్లే. పది కిలోల పచ్చి కట్టె కొన్నారంటే అయిదు లీటర్ల నీళ్లను కూడా కట్టె ధరకే కొన్నారన్నమాట. పొయ్యిలో పెట్టగానే ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి. లీటరు నీళ్లు వేడెక్కి ఆవిరి కావడానికి 600 కిలో కేలరీలకు పైగా పడుతుంది. లెక్క కట్టి చూస్తే ఆ కట్టెలో ఉన్న వేడిలో ఇది ఏడో వంతు మాత్రమే. ఇంతేనా అనిపిస్తుంది. అసలు నష్టం ఇక్కడ లేదు. ఆవిరి లేస్తున్నంతసేపూ పొయ్యి గూడు చల్లబడి ఉంటుంది, అంత తక్కువ వేడిలో వాయువు అంటుకోదు. అది పొగైపోతుంది. అంటే నీళ్లు తిన్న వేడి కంటే, నీళ్ల వల్ల కాలకుండా పోయిన కట్టె ఎక్కువ.

మన ప్రాంతానికి ఎండలు ఉచితం. మార్చిలో కొట్టిన కట్టెను చీల్చి పేరిస్తే, ఏప్రిల్, మే ఎండలకు మృగశిర కార్తె నాటికి పొయ్యికి సిద్ధమవుతుంది. చీల్చడం ముఖ్యం. బెరడు ఒంటిమీద ఉన్న గుండ్రటి మొద్దు లోపలి తడిని అంత తేలిగ్గా వదలదు. మణికట్టు లావుకు మించకుండా చీల్చి, కింద రెండు రాళ్లు గానీ పాత దూలాలు గానీ వేసి, నేలకు తగలకుండా, మధ్యలో గాలి ఆడేలా అడ్డం నిలువు పేర్చాలి. వానలకు పైన మాత్రమే రేకు కప్పాలి. చుట్టూ పాలిథీన్ పట్టా బిగించి కట్టేవాళ్లున్నారు, దానివల్ల లోపల ఉక్కపోసి బూజు పడుతుంది. కింద చోటు ఉంటే చెదలు కూడా త్వరగా ఎక్కవు. తేళ్లు మాత్రం చేరతాయి, చెయ్యి పెట్టేముందు చూసుకోండి.

ఎండిందో లేదో చెప్పడానికి మీటరు అక్కర్లేదు. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండినవి ఖంగున పలుకుతాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొసల్లో చక్రం ఆకుల్లా పగుళ్లు వచ్చి ఉండాలి. పొయ్యిలో పెట్టాక బయటి కొస నుంచి నురగ బుసబుసమంటూ వస్తే ఆ కట్టె ఇంకా మూడు వారాలు ఎండలో ఉండాల్సిందే.

అపోహ: వేడి చాలకపోతే ఇంకో నాలుగు కట్టెలు తోయాలి.

వాస్తవం: తోసేకొద్దీ గాలి దారి మూసుకుపోతుంది. కట్టె కొసలు మాత్రమే కాలాలి, కాలిన మేరకు లోపలికి జరపాలి. పొయ్యి నోట్లో కట్టెలు సగం కంటే ఎక్కువ నిండకూడదు. మిగతా సగం గాలిది. ఆ గాలి కూడా కట్టెల పైనుంచి కాదు, కింది నుంచి రావాలి. అందుకే నేను కట్టే ప్రతి పొయ్యిలో ఇనుప కడ్డీల జాలీ పెడతాను, కడ్డీకీ కడ్డీకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు ఉంచి. జాలీ లేని పాత పొయ్యి అయితే కట్టెల కింద ఒక అడ్డ ఇటుక ముక్క వేసినా తేడా తెలుస్తుంది. జాలీ కింద బూడిదను రోజూ తీయాలి. ఒక ఇంటివాళ్లు ఆరు నెలల తర్వాత పిలిచి “మీరు కట్టిన పొయ్యి పాడైపోయింది” అన్నారు. వెళ్లి చూస్తే జాలీ దాకా బూడిద. రెండు తట్టలు ఎత్తాను, అంతే, మంట లేచింది. కూలి తీసుకోవడానికి మనసొప్పలేదు.

ఊదుడు గొట్టంతో ఆగకుండా ఊదడం కూడా ఇలాంటిదే. రాజేసేటప్పుడు చిన్నచిన్నగా ఊదాలి. మండుతున్న పొయ్యిలోకి బలంగా ఊదితే చల్లగాలి పోయి మంటను చల్లబరుస్తుంది, బూడిద కూరలో పడుతుంది.

అపోహ: గోడలు ఎంత మందంగా ఉంటే పొయ్యి అంత వేడి దాచుకుంటుంది.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. పనిలోకి వచ్చిన కొత్తలో దేవరకొండ దగ్గర ఒక ఇంట్లో జానెడు మందం గోడలతో, ఎర్రమట్టి మెత్తి, ఏనుగులాంటి పొయ్యి కట్టాను. చూడటానికి ముచ్చటగా ఉంది. వారం తిరగకముందే ఆ ఇంటి పెద్దమ్మ కబురు పెట్టింది. “బిడ్డా, వంట అయిపోయాక కూడా పొయ్యి గోడ చెయ్యి కాలేలా ఉంటోంది, వండేటప్పుడు మాత్రం అన్నం ఉడకడం లేదు” అంది. ఆమె మాటలోనే జబ్బు ఏమిటో ఉంది. నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

నలభై కిలోల మట్టి వంద డిగ్రీల మేర వేడెక్కితే, అది మింగిన వేడితో పన్నెండు లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. గంటలో వంట ముగించి లేచే ఇంట్లో ఆ వేడి తిరిగి గిన్నెకు చేరదు, రాత్రంతా పెరటికి పంచుతుంది. రోజంతా ఆరకుండా మండే హోటల్ పొయ్యికి, హాస్టల్ పొయ్యికి మందం గోడ సరే. ఇంటికి కావలసింది వేడిని తాను తినకుండా, బయటికీ పోనివ్వకుండా ఆపే తేలికపాటి గోడ. అమెరికాలో ల్యారీ వినియార్‌స్కీ అనే ఆయన 1980లలో రూపొందించిన రాకెట్ పొయ్యి కిటుకు ఇదే. మోచేయిలా వంగిన చిన్న గూడు, దాని చుట్టూ వేడిని ఆపే తేలిక పదార్థం. మనకు ఆ పదార్థం కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర ఊక బూడిద గుట్టలుగా ఉంటుంది. లోపల పలుచటి ఇటుక వరస, బయట ఇంకో గోడ, మధ్యలో మూడు నాలుగు అంగుళాల ఊక బూడిద. ఆ మధ్య తడి తగలకుండా పైన మూసేయాలి, లేకపోతే మొదటి వానకే ముద్దవుతుంది.

అపోహ: పొయ్యి గడ్డలు ఎత్తుగా ఉంటే మంట బాగా ఆడుతుంది.

వాస్తవం: ఆడుతుంది, గిన్నెకు అందకుండా. గడ్డలు వేలెడు మందం దాటితే వేడి పక్కల నుంచి జారిపోతుంది. మరీ తక్కువైతే పొగ ఊపిరాడక పొయ్యి నోటినుంచి వెనక్కి తంతుంది. కాగు చుట్టూ వేలు దూరేంత సందు వదిలి పాత నూనె డబ్బా రేకును చుట్టులా నిలబెట్టండి. జారిపోయే వేడి కాగు పక్కలను కూడా నాకుతూ పైకి పోతుంది. స్నానాల నీళ్ల పొయ్యికి ఇంతకంటే చవకైన మరమ్మతు నాకు తెలియదు.

అపోహ: పొగ గొట్టం పెడితే వేడంతా గొట్టంలో పోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. గొట్టం లోపల వేడి పొగ తేలికై పైకి లేవడం వల్లే కింది నుంచి గాలి లాగుతుంది. కొంత వేడి ఖర్చు కాకుండా ఆ పని జరగదు. కానీ గొట్టం మొదట్లో చెయ్యి ఆనించలేనంతగా కాలుతుంటే మాత్రం అవసరానికి మించి పోతోందన్నమాట. దీనికి మందు కొత్తదేమీ కాదు. మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు 1950లలోనే పొగ గొట్టంతో మట్టి పొయ్యి తయారుచేశారు. గొట్టంలోకి పోయే పొగను తగ్గించడానికి, పెంచడానికి ఒక రేకు తలుపు ఉంటే చాలు. రాజేసేటప్పుడు పూర్తిగా తెరవాలి, మంట నిలబడ్డాక సగం మూయాలి. నిప్పులు ఉండగా పూర్తిగా మాత్రం మూయకూడదు.

తర్వాత 1980లలో ప్రభుత్వం ఊరూరా పొగరాని పొయ్యిలు కట్టించింది. వాటిలో చాలా వాటి గొట్టాలు మసితో పూడుకుపోయి, చివరికి వాటిని పీకేశారు. గొట్టం పెట్టడం తెలిసినవాళ్లు ఉన్నారు గానీ శుభ్రం చేయమని చెప్పినవాళ్లు తక్కువ. నెలకోసారి తాడుకు గోనె గుడ్డ కట్టి పైనుంచి కిందికి లాగితే పది నిమిషాల పని.

అపోహ: గిన్నె అడుగున మసి ఉంటే వేడి ఎక్కదు.

వాస్తవం: పలుచటి మసి వల్ల వచ్చే నష్టం చాలా తక్కువ. వేడికి అసలు అడ్డం గిన్నె అడుగుకు అంటిపెట్టుకుని కదలకుండా ఉండే పలుచటి గాలి పొర. మంట చురుగ్గా తగిలితే అది చెదురుతుంది. రోజూ బూడిదతో చేతులు అరిగేలా తోమాల్సిన పని లేదు. పెచ్చులు కట్టిన మసిని మాత్రం గీకేయండి.

అపోహ: పెద్ద మంట మీద తెర్లుతుంటే త్వరగా ఉడుకుతుంది.

వాస్తవం: తెర్లినా, సన్నగా ఉడికినా నీళ్ల వేడి ఒక్కటే, వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది. లీటరు నీళ్లు మరిగే దాకా తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. అదే లీటరు ఆవిరైపోవడానికి 540 కావాలి. మూత లేకుండా తెర్లించేవాళ్లు కట్టెలో ఎక్కువ భాగాన్ని ఆవిరికే పోస్తున్నారు. తెర్లడం మొదలవగానే మూతపెట్టి రెండు కట్టెలు వెనక్కి లాగండి. పనిలో పనిగా ఇంకో మాట. మన నల్లగొండలో ఇప్పటికీ బోరు నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లున్నారు. పోదు. నీళ్లు తగ్గి, ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

అపోహ: పొగ లేని నిప్పులతో ప్రమాదం లేదు.

వాస్తవం: చలికాలంలో వంట అయ్యాక నిప్పులను కుంపట్లో వేసి పడక గదిలో పెట్టుకోవడం నేను ఇప్పటికీ చూస్తున్నాను, ముఖ్యంగా బాలింతలున్న ఇళ్లలో. ఎర్రటి నిప్పులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ముందు తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మగత. నిద్రలో ఉన్నవాళ్లకు అవి కూడా తెలియవు. కిటికీ కొంచెం తెరిచి ఉంచితే చాలనుకోవద్దు. గది వెచ్చబడాలంటే పడుకోకముందే కుంపటి పెట్టి, మెలకువగా ఉండగానే, తలుపులు తెరిచి ఉండగానే వసారాలోకి తెచ్చేయాలి. రాత్రికి వెచ్చదనం కావాలంటే ఆ నిప్పుల మీద నీళ్లు కాచి, బిగుతు మూత ఉన్న స్టీలు సీసాలో పోసి, గుడ్డ చుట్టి పడక పక్కన పెట్టుకోండి. మా ఇంట్లో అమ్మకు ఏటా అదే చేస్తాం.