ఆ వస్త్రాలు ఉతికింది, కట్టుకోనివ్వలేదు: జేన్ మానింగ్ జేమ్స్ కథ

1978 జూన్‌లో, అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ అయిన మోర్మన్ సంఘం ఒక ప్రకటన చేసింది. అర్హులైన పురుషులందరికీ, జాతి, రంగు చూడకుండా యాజకత్వం ఇస్తామని. దాంతో నల్లజాతి స్త్రీలకు, పురుషులకు ఆలయం లోపలి కర్మలు కూడా అందుబాటులోకి వచ్చాయి. అప్పటివరకు నూట పాతికేళ్ల పైచిలుకు ఆ తలుపు మూసే ఉంది. ఆ నిషేధం గురించి రాసేవాళ్లు ఎక్కువగా ప్రవక్తల పేర్లు, ప్రకటనల తేదీలు చెప్తారు. నాకు మాత్రం ఈ చరిత్ర అర్థమైంది జేన్ మానింగ్ జేమ్స్ అనే ఒక చాకిరీ మనిషి జీవితం చదివాకే. ఈ సంఘం మనకూ కొత్తదేం కాదు, భారతదేశంలో దాని మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. అందుకే ఇది తెలుగులో చెప్పుకోవాలనిపించింది.

జేన్‌ది అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, విల్టన్ ఊరు. తల్లి ఒకప్పుడు బానిస, జేన్ మాత్రం స్వేచ్ఛగానే పుట్టింది. చిన్నప్పటి నుంచే తెల్లవాళ్ల ఇంట్లో పని. అక్కడికి వచ్చిన మోర్మన్ ప్రచారకుడి మాటలు విని బాప్తిస్మం తీసుకుంది, ఇంట్లో మిగతావాళ్లూ ఆమె వెనకే నడిచారు.

నడిచారు అంటే నిజంగానే నడిచారు. 1843లో తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో కలిసి ఈ సంఘాన్ని స్థాపించిన ప్రవక్త జోసెఫ్ స్మిత్ ఉండే ఇల్లినాయ్‌లోని నావూ పట్నానికి బయల్దేరింది. తెల్లవాళ్లు పడవలో ముందుకు వెళ్లారు కానీ, బఫెలో దగ్గర వీళ్లకు ఆ ప్రయాణం దక్కలేదు. అక్కడి నుంచి 800 మైళ్లు, అంటే మనవాళ్లు హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చినంత దూరం, కాలినడకన. చెప్పులు అరిగిపోయాయి, కాళ్లు పగిలి నెత్తురు కారింది, పాదం ముద్ర మొత్తం నేల మీద రక్తంతో కనిపించేదని ముసలితనంలో చెప్పి రాయించిన ఆత్మకథలో ఆమే అంది. ఆగి అందరూ కలిసి ప్రార్థన చేశారట, కాళ్లు నయమయ్యాయట. ఆ మాట ఆమె ఎంత మామూలుగా చెప్పిందో చూస్తే, ఆమె నమ్మకం ఎలాంటిదో ఇక వేరే చెప్పక్కర్లేదు. దారిలో పియోరియాలో అధికారులు ఆపి, బానిసలు కాదని కాగితాలు చూపించమన్నారు, లేకపోతే జైలే అన్నారు. ఎప్పుడూ బానిసలు కాని జేన్, ఆమె తోబుట్టువుల దగ్గర విడుదల కాగితాలు ఎక్కడి నుంచి వస్తాయి?

నావూ చేరాక మిగతావాళ్లకి తలో చోటా నీడ దొరికింది. జేన్‌కి దొరకలేదు. పైగా పడవలో పంపిన బట్టల పెట్టె పోయింది. ఏడుస్తూ కూర్చుంటే జోసెఫ్ స్మిత్ చూసి, భార్య ఎమ్మాని పిలిచి, ఈ అమ్మాయికి ఇల్లు లేదట, మన ఇంట్లో చోటుందా అని అడిగాడు. అలా వాళ్లింట్లో ఉండిపోయింది. బట్టలు ఉతకడం ఆమె పని.

నేను పదేపదే తలుచుకునే సంగతి ఇక్కడే ఉంది. ఉతకమని వేసిన బట్టల్లో ప్రవక్త పవిత్ర వస్త్రాలు కూడా ఉన్నాయి. ఆమె వాటిని చేతుల్లోకి తీసుకుని, ఇవేంటా అని చూస్తూ ఉండిపోయింది. పరిశుద్ధులకు ఇచ్చే కొత్త పేరుకీ వీటికీ సంబంధం ఉందని, లోకానికి తెలియని ఆ సంగతి తనకు ఆత్మ తెలియజేసిందని ఆత్మకథలో చెప్పుకుంది. ఆ వస్త్రాలు కట్టుకుని ఆలయంలో చేసే కర్మనే ఎండోమెంట్ అంటారు. ఆమె ఆ తర్వాత జీవితమంతా అడిగింది అదే.

ఆ ఇంట్లోనే ఇంకోటి జరిగింది. నిన్ను మా బిడ్డగా దత్తత తీసుకుంటాం, ఇష్టమేనా అని ఎమ్మా అడిగింది. జేన్‌కి ఆ మాటకి అర్థం తెలియక జవాబు చెప్పలేదు. రెండు వారాలు ఆగి మళ్లీ అడిగితే వద్దమ్మా అంది. 1844లో జోసెఫ్‌ని గుంపు కాల్చి చంపేసింది. ఆ చిన్న జవాబు ఎంత ఖరీదైందో ఆమెకు తర్వాత తెలిసొచ్చింది.

1847 సెప్టెంబర్‌లో భర్త ఐజాక్ జేమ్స్‌తో, పిల్లలతో, మోర్మన్లు వలస వెళ్లిన యూటాలోని సాల్ట్ లేక్ లోయకి చేరింది. అక్కడికి చేరిన మొదటి నల్లజాతి కుటుంబాల్లో వాళ్లదొకటి. తొలి ఏళ్లు కరువు రోజులు. 1849లో ఎలైజా లైమన్ అనే తెల్ల స్త్రీ భర్త సువార్త పని మీద కాలిఫోర్నియా వెళ్లాడు, ఇంట్లో పిండి లేదు. జేన్ రెండు పౌన్ల పిండి ఇచ్చింది. ఆమె దగ్గర ఉన్నదాంట్లో అది దాదాపు సగం అని ఎలైజానే డైరీలో రాసుకుంది, అందుకే ఆ సంగతి మిగిలింది.

మరి నిషేధం ఎక్కడి నుంచి వచ్చింది? మొదట్లో లేదు. ఎలైజా ఏబుల్ అనే నల్లజాతీయుడికి 1836లోనే యాజకత్వం ఇచ్చారు. 1852లో, జోసెఫ్ తర్వాత సంఘానికి పెద్ద అయిన బ్రిగమ్ యంగ్ ఆఫ్రికా సంతతి వాళ్లకి అది ఇవ్వకూడదని ప్రకటించాడు, అదే ఏడాది యూటా చట్టసభ బానిసత్వాన్ని అనుమతించే చట్టం కూడా చేసింది. రెండూ కలిపి చూస్తే అది ఏ గాలికి మొలిచిన మొక్కో తెలుస్తుంది. బైబిల్లో తమ్ముణ్ని చంపిన కయీను మీద పడ్డ శాపం నల్లవాళ్లకు వచ్చిందని ఒక సిద్ధాంతం తగిలించారు. దాంతో జేన్ సంఘంలో ఉండొచ్చు, దశమ భాగం కట్టొచ్చు, ఆలయాల నిర్మాణానికి చందా ఇవ్వొచ్చు, చనిపోయిన బంధువుల కోసం బాప్తిస్మం కూడా తీసుకోవచ్చు, ఎండోమెంట్ మాత్రం కుదరదు.

ఆమె అడుగుతూనే ఉంది. 1884 డిసెంబర్‌లో అప్పటి అధ్యక్షుడు జాన్ టేలర్‌కి ఉత్తరం పంపింది. అబ్రాహాము సంతానం ద్వారా భూమ్మీద జనాలన్నీ దీవెన పొందుతాయని దేవుడు మాట ఇచ్చాడు కదా, మరి నాకు దీవెన లేదా అని అందులో అడిగింది. ఎమ్మా అడిగిన దత్తత మాట గుర్తుచేసి, కనీసం జోసెఫ్ బిడ్డగానైనా నన్ను ముద్రించండి అని బతిమాలింది. ముద్రించడం అంటే చావు తర్వాత కూడా తెగని బంధంగా ఆలయంలో కలపడం. లేఖనం చదివిన మనిషి లేఖనంతోనే అడుగుతుంటే పెద్దల దగ్గర సరైన జవాబు లేదు. చివరికి 1894 మే 18న ఒక ఏర్పాటు చేశారు, చదువుతుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. సాల్ట్ లేక్ ఆలయంలో ఆమెను జోసెఫ్ స్మిత్‌కి నిత్యత్వమంతా సేవకురాలిగా ముద్రించారు. ఆమె బతికే ఉంది, అదే ఊళ్లో ఉంది, అయినా లోపలికి రానివ్వలేదు. ఆమె బదులు బాత్‌షెబా స్మిత్ అనే తెల్ల స్త్రీ నిలబడింది.

జేన్ దాంతో సరిపెట్టుకోలేదు, ఆ తర్వాత కూడా ఎండోమెంట్ కావాలనే అడిగింది. కానీ సంఘం వదల్లేదు. ఇంత అవమానం చేస్తే ఎందుకు ఉండిపోయింది అని చాలామంది అడుగుతారు. అది పెద్దల సంఘం అని ఆమె అనుకోలేదు, రక్తం కారిన కాళ్లని నయం చేసిన దేవుడిది అనుకుంది, నాకు అర్థమైంది ఇంతే. భర్తనీ, పిల్లల్లో దాదాపు అందర్నీ పాతిపెట్టాక కూడా, బాప్తిస్మం తీసుకున్న రోజుకంటే ఇప్పుడే నా నమ్మకం గట్టిగా ఉంది అని ఆత్మకథలో చెప్పింది.

1908 ఏప్రిల్‌లో పోయింది. సంస్కారాల్లో సంఘ అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ మాట్లాడాడు. ఆ 1894 కర్మలో జోసెఫ్ స్మిత్ తరఫున నిలబడింది ఆయనే.

పాత సిద్ధాంతాలని సంఘం 2013లో బహిరంగంగా కొట్టిపారేసింది. దానికి చాలా ముందే, నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడాది 1979లో, జేన్ తరఫున ఎండోమెంట్ చేశారు. ఆమె చనిపోయి అప్పటికి 71 ఏళ్లు, కాబట్టి అప్పుడూ ఆ వస్త్రాలు ఆమె కోసం ఇంకొకరే కట్టుకున్నారు.