గుర్రాలు మోసిన స్టేడియం

చిరంజీవులు పిల్లలకు,

"కూల్చేసిన జెయింట్స్ స్టేడియానికి ఆ తర్వాత కూడా అప్పు కట్టడమేంటి తాతయ్యా?" అని అడిగారు కదా. ఫోన్‌లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. మీ ఎడిసన్ నుంచి ఆ స్థలం కారులో ముప్పావుగంట.

1971లో న్యూజెర్సీ శాసనసభ చట్టం చేసి స్పోర్ట్స్ అండ్ ఎక్స్‌పొజిషన్ అథారిటీని పెట్టింది. ఇది ప్రభుత్వానిదే, కానీ తన ఖర్చు తాను సంపాదించుకోవాలి. మొదట్లో చేతిలో ఉన్నదల్లా బాండ్లు అమ్ముకునే హక్కు, ఈస్ట్ రూథర్‌ఫర్డ్ దగ్గర మెడోలాండ్స్ అనే చిత్తడి నేల. తొలి ఛైర్మన్ సానీ వెర్బ్లిన్, అంతకుముందు జెట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమానుల్లో ఒకడు. న్యూయార్క్‌లో ఆడే మరో ఫుట్‌బాల్ జట్టు జెయింట్స్‌ను హడ్సన్ నదికి ఇవతల, న్యూజెర్సీకి రప్పించారు. పేరులో న్యూయార్క్ మాత్రం అలాగే ఉండిపోయింది!

బాండంటే మన ప్రామిసరీ నోటుకు పెద్దన్న. ఇప్పుడు డబ్బివ్వు, ఏటా వడ్డీ ఇస్తాను, ఫలానా ఏడాది అసలు తీరుస్తాను అని రాసివ్వడం. చిక్కెక్కడంటే, ఫుట్‌బాల్ జట్టు సొంతగడ్డ మీద ఏడాదికి ఆడేది పది మ్యాచులకు అటూ ఇటూ. వడ్డీకి మాత్రం సెలవుల్లేవు.

అందుకే పక్కనే గుర్రప్పందేల ట్రాక్ కట్టారు. అది 1976 సెప్టెంబర్ 1న తెరుచుకుంది, జెయింట్స్ స్టేడియం అక్టోబర్ 10న. ఇక్కడి పందేల్లో ఎక్కువవాటిలో మనిషి గుర్రమెక్కడు, దాని వెనక కట్టిన రెండు చక్రాల చిన్న బండిలో కూర్చుని తోలతాడు. పందెం కాసిన డబ్బంతా ఒక కుండలో పడుతుంది. వందకు 17 డాలర్లు ముందే పక్కకు తీశారనుకోండి, మిగిలిన 83 గెలిచినవాళ్లు పంచుకుంటారు. ఏ గుర్రం గెలిచినా పక్కకు తీసిన వాటాకు ఢోకా లేదు. గుర్రాల యజమానుల బహుమతులూ, నిర్వహణ ఖర్చూ పోగా మిగిలింది అప్పుకి. ఆ లెక్క కొన్నేళ్లు బ్రహ్మాండంగా నడిచింది.

1978లో ఇదే రాష్ట్రంలోని అట్లాంటిక్ సిటీలో కేసినో తెరిచారు. జూదానికి తీసే డబ్బు నెమ్మదిగా అటు మళ్లింది. అథారిటీ నెత్తిన బరువులు మాత్రం పెరుగుతూ పోయాయి. 1981లో ఇరవై వేలమంది పట్టే ఇండోర్ ఎరీనా, తర్వాత మన్మత్ పార్క్ రేసుకోర్సు, అట్లాంటిక్ సిటీ కన్వెన్షన్ సెంటర్. పాత బాండ్లు తీర్చాల్సినప్పుడల్లా కొత్త బాండ్లు అమ్మి గడువు జరిపారు.

దీన్ని కాగితం మీద వేసి చూడండి. వంద డాలర్ల అప్పు, ఆరు శాతం వడ్డీ. మొదటి ఏడాది పది కడితే ఆరు వడ్డీకి పోయి, నాలుగు అసలులో తగ్గుతుంది. ఏటా ఆరే కడుతూ పోతే ముప్పయ్యేళ్లలో 180 కట్టినా ఆ వందా అలాగే ఉంటుంది. 2010లో స్టేడియాన్ని కూల్చేనాటికి పది కోట్ల డాలర్లకు పైగా బాకీ మిగిలిందంటే కారణం ఇదే. దాన్ని మోసింది రాష్ట్రంలో పన్ను కట్టేవాళ్లు. నన్నడిగితే, కట్టడం తప్పు కాదు, గడువు జరపడం అలవాటు చేసుకోవడం తప్పు.

ఆ పక్కనే లేచిన మెట్‌లైఫ్ స్టేడియానికి 160 కోట్ల డాలర్లయ్యాయి, 82,500 సీట్లు. ఈసారి కట్టడం జెయింట్స్, జెట్స్ జట్ల వంతు, అథారిటీ భూమి లీజుకిచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 2014లో అక్కడే జరిగింది. భద్రత కోసం పార్కింగ్ తగ్గించడంతో, అనుకున్నదానికంటే ఎన్నో వేలమంది ఎక్కువగా రైలెక్కారు. వాళ్లలో చాలామంది సెకాకస్ అనే స్టేషన్లో రైలు మారాలి. జనం రావడం గంటల తరబడి సాగుతుంది, ఆట అయ్యాక తిరుగుప్రయాణం మాత్రం అందరిదీ ఒకేసారి. ఇరుక్కుపోయేది అక్కడే.

ఎరీనా సంగతి వేరు. హాకీ జట్టు 2007లో, బాస్కెట్‌బాల్ జట్టు 2010లో నెవార్క్ నగరంలోని కొత్త హాలుకు వెళ్లిపోయాయి. కచేరీల కోసం రెండు హాళ్లూ పోటీపడ్డాయి, 2015లో పాతది మూతపడింది. తర్వాత దాన్ని షూటింగులకు అద్దెకిస్తూ వచ్చారు. ఆ 2015లోనే మెడోలాండ్స్ కమిషన్‌ను అథారిటీలో కలిపేశారు. దాంతో 14 ఊళ్ల పరిధిలోని ఆ చిత్తడి ప్రాంతంలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే పని కూడా దానిదే అయింది.

ట్రాక్‌ను ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చేశారు. ఈసారి అటు వెళ్తే మెట్‌లైఫ్‌తో పాటు పక్కనున్న ట్రాక్‌నూ చూడండి. గుర్రాలు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య