డైవ్‌మాస్టర్ ఈత పరీక్షలో ఆయాసం ఎందుకొస్తుంది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు రాశారు. అండమాన్‌లో హావ్‌లాక్ వెళ్లి డైవ్‌మాస్టర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మిగతా డైవర్లని నడిపించే స్థాయి) చేద్దామని లీవ్ కూడా పెట్టేశారట. ఈత వచ్చు, రోజూ జిమ్‌కి వెళ్తారు, అయినా పూల్‌లో 400 మీటర్లు మొదలుపెడితే సగానికే ఊపిరి అందడం లేదు, ఫ్రెండ్‌ని గేర్‌తో సహా లాగబోతే 50 మీటర్లకే పిక్కలు పట్టేస్తున్నాయి. "ఇంకా ఎన్ని స్క్వాట్స్ కొట్టాలి సార్?" అని ప్రశ్న. స్క్వాట్స్ సంగతి పక్కన పెట్టండి, మీ కాళ్లలో బలానికేం లోటు లేదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్యాడీ (స్కూబా శిక్షణ, సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) డైవ్‌మాస్టర్ కోర్సులో ఏ పరికరమూ లేకుండా 400 మీటర్లు ఈదాలి. మాస్క్, స్నార్కెల్ (ముఖం నీటిలో ఉండగా ఊపిరి తీసుకునే గొట్టం), ఫిన్స్ (పాదాలకి తొడిగే రెక్కలు) వేసుకుని చేతులు వాడకుండా 800 మీటర్లు పోవాలి. 15 నిమిషాలు ఉన్నచోటే తేలుతూ ఉండాలి. కదలకుండా పడి ఉన్న డైవర్‌ని 100 మీటర్లు లాగాలి, ఇద్దరి ఒంటి మీదా పూర్తి గేర్ ఉంటుంది. పాయింట్లు టైమ్‌ని బట్టి. 400 మీటర్లు ఆరున్నర నిమిషాల్లోపు ముగిస్తే 5, 11 నిమిషాల్లోపు అయితే 3, 13 దాటితే 1. గేర్ మార్చుకునే పరీక్ష కూడా ఒకటుంది కానీ దాని గురించి నాకు చెప్పాలని లేదు.

అసలు సంగతి నీటి నిరోధం. వేగం రెట్టింపు చేస్తే నిరోధం నాలుగింతలవుతుంది, అందుకు కావలసిన పవర్ ఎనిమిదింతలు. పది శాతం వేగం పెంచాలంటే మూడో వంతు ఎక్కువ పవర్ పెట్టాలి. ఇక్కడ మన చదువు కూడా కొంత దెబ్బ కొట్టింది. ఇంటర్‌లో అందరి చేతా స్టోక్స్ సూత్రం బట్టీ పట్టించారు, అందులో నిరోధం వేగంతో పాటు మామూలుగా పెరుగుతుంది, వర్గంగా కాదు. ఆముదంలో జారే చిన్న గుండుకి అది సరిపోతుంది. మనిషికి లెక్క వేసి చూడండి: సాంద్రత 1000, వేగం సెకనుకి 0.67 మీటర్లు, పొడవు 1.7 మీటర్లు, ఈ మూడింటి లబ్ధాన్ని నీటి స్నిగ్ధత 0.001తో భాగిస్తే రేనాల్డ్స్ సంఖ్య (నీటి జిగటతో పోలిస్తే కదలిక జోరు ఎంతో చెప్పేది) 11 లక్షలు దాటుతుంది. స్టోక్స్ సూత్రం పనిచేసేది ఆ సంఖ్య ఒకటి కన్నా బాగా తక్కువున్నప్పుడు. మనం ఉన్నది వేరే లోకంలో.

ఇప్పుడు మన పాఠకుడి ఈత చూద్దాం. టెన్షన్‌లో మొదటి 200 మీటర్లు సెకనుకి 1 మీటరు చొప్పున కొట్టేసి, ఆయాసపడి, మిగతా 200 మీటర్లు అరమీటరు చొప్పున ఈడ్చారనుకోండి. మొత్తం 200 + 400 = 600 సెకన్లు, అంటే 10 నిమిషాలు. పక్క లేన్‌లో ఒకావిడ మొదటి నుంచీ 0.67 మీటర్ల వేగంతో తాపీగా పోయింది, ఆవిడకీ పదే నిమిషాలు. ఖర్చయ్యే శక్తి దూరాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఈయనకి 200 × 1 + 200 × 0.25 = 250, ఆవిడకి 400 × 0.444 = 178. ఒకటే టైమ్, ఒకటే మార్కు, ఈయన మాత్రం 40 శాతం ఎక్కువ ఖర్చు పెట్టారు. అందుకే 25 మీటర్ల పూల్‌లో ఒక్కో పొడవుకి 37 లేదా 38 సెకన్లు పట్టేలా ఈదడం అలవాటు చేసుకోండి. మొదటి నాలుగు పొడవులూ "అబ్బే, ఇంత నెమ్మదిగానా" అనిపించాలి. గట్టున నిలబడి "గట్టిగా కొట్టు, గట్టిగా కొట్టు" అని అరిచే కోచ్‌లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వేగం తర్వాత, నీటికి ఎదురుగా ఎంత ఒళ్లు పెడుతున్నారన్నది. ఊపిరితిత్తుల వల్ల మనల్ని పైకి లేపే బలం ఛాతీ దగ్గర పనిచేస్తుంది, బరువు కేంద్రం నడుం దగ్గరుంటుంది, కాబట్టి కాళ్లు వాటంతట అవే దిగుతాయి. తల ఎత్తి ముందుకి చూశారా, ఇంకా దిగుతాయి. 170 సెంటీమీటర్ల మనిషి పది డిగ్రీలు వాలితే నీటిలో 30 సెంటీమీటర్ల ఎత్తు అడ్డుపడతాడు, ముప్ఫై డిగ్రీలు వాలితే 85. "నావి బరువు ఎముకలండీ, నేను తేలను" అనేవాళ్లు ఊరికొకరు ఉంటారు. గుండెల నిండా గాలి పీల్చి బోర్లా పడుకుని చూడమనండి, దాదాపు అందరూ తేలతారు.

ఇక లాగుడు. 1871లో విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు బ్రిటిష్ నౌకాదళానికి చెందిన గ్రేహౌండ్ అనే ఓడని యాక్టివ్ అనే ఇంకో ఓడ చేత లాగించాడు, నీరు ఎంత అడ్డుకుంటుందో తాడు మీద కొలవడానికి. నేరుగా వెనకాల కడితే ముందు ఓడ కలిచిన నీళ్లలో రెండోది పడి కొలత చెడుతుంది. అందుకని యాక్టివ్ పక్క నుంచి బయటికి ఒక పొడవాటి దూలం బిగించి, దాని కొస నుంచి గ్రేహౌండ్‌ని లాగించాడు. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ అనే నౌకాదళ పరిశోధనశాలలో నమూనా ఓడలని లాగి చూసే 500 మీటర్ల తొట్టి ఉంది చూశారా, అది ఫ్రౌడ్ మొదలుపెట్టిన పద్ధతే. ఆ దూలమే మన పాఠకుడికి కావాలి! ఆయన వెల్లకిలా పడుకుని ఫ్రెండ్ ట్యాంక్ వాల్వ్ పట్టుకుని లాగుతున్నారు. చేయి చాపితే 70 సెంటీమీటర్లు, భుజం నుంచి ఫిన్ కొస దాకా దాదాపు రెండు మీటర్లు. అంటే ఇద్దరూ ఒకే గీతలో ఉంటే ఫిన్ ప్రతిసారీ ఫ్రెండ్ నడుం కిందే ఆడుతుంది, వెనక్కి తోసిన నీళ్లు అతని ట్యాంక్‌కీ కాళ్లకీ తగిలి అతన్ని వెనక్కే తోస్తాయి. మీరు ముందుకి లాగుతున్నారు, మీ నీళ్లే అతన్ని వెనక్కి లాగుతున్నాయి. చేయి పూర్తిగా చాపి, అతని ఒంటి గీత నుంచి కొంచెం పక్కకి జరిగి ఫిన్స్ ఆడించండి.

అతని బీసీడీలో (తేలడానికి గాలి ఊదుకునే డైవింగ్ జాకెట్) గాలి కూడా ముఖం తేలేంత వరకే. నిండా ఊదితే గాలికి ఎదురుగా గొడుగు తెరిచి బండి నడిపినట్టుంటుంది. (నిజంగా స్పృహ తప్పిన మనిషి అయితే ముఖం నీటిపైన ఉండటమే ముఖ్యం, వేగం గీగం తర్వాత.)

పిక్కలు పట్టేసేది చిన్న చిన్న తన్నుల వల్ల. ముందుకి తోసే బలం వెనక్కి నెట్టిన నీటి ద్రవ్యరాశిని దాని వేగంతో గుణించినంత, నీళ్లలో వృథా అయ్యే శక్తి మాత్రం ఆ వేగం వర్గాన్ని బట్టి. రెట్టింపు నీటిని సగం వేగంతో నెడితే అదే బలం వస్తుంది, వృథా సగానికి పడిపోతుంది. అందుకే మోకాలి నుంచి కాకుండా తుంటి నుంచి, పెద్దగా, నిదానంగా ఆడించాలి. ఇది మీ సొంత ఫిన్స్‌తోనే, లైఫ్‌గార్డ్ ఉన్న పూల్‌లోనే సాధన చేయండి. ఆర్కే బీచ్‌లో వద్దు, అక్కడి ప్రవాహాలకి మీ పరీక్షతో పనిలేదు.

తేలుతూ ఉండే పరీక్షలో ఆఖరి రెండు నిమిషాలు చేతులు (మణికట్టు దాకా చాలు) నీటి బయట పెట్టాలి. 70 కిలోల మనిషికి మణికట్టు దాకా రెండు చేతులూ కలిపి కిలో లోపే, భుజం దాకా అయితే సుమారు 7 కిలోలు. బయటికి తీసిన బరువంతా కాళ్లే మోయాలి. చాలామంది టెన్షన్‌లో మోచేతులు కూడా తల పైకెత్తేస్తారు, అలా ఎత్తమని ఎవరూ అడగలేదు.